తల కదిలింది, తర్వాత?

ఈ మధ్య మన క్యాంపస్‌లో ఎవరిని కదిపినా మెదడు స్కాన్ల మీదే ప్రాజెక్టు అంటున్నారు. సంతోషమే. కానీ ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ "మోషన్ కరెక్షన్ చేశాం" అని ఒక్క లైను, వెంటనే మోడల్, యాక్యురసీ. నా అభ్యంతరమంతా ఆ ఒక్క లైను మీదే.

డిఫ్యూజన్ ఎంఆర్ఐ కొలిచేది మెదడులోని నీటి అణువుల కదలికను. నరాల పోగుల వెంట నీరు సులువుగా కదులుతుంది, అడ్డంగా అంత సులువు కాదు. అందుకే స్కానర్ 30, 60 ఇలా ఎన్నో దిక్కుల్లో ఒకదాని తర్వాత ఒకటి కొలతలు తీస్తుంది. నీటి కదలిక మైక్రాన్లలో ఉంటుంది. తల ఒక్క మిల్లీమీటరు జరిగితే వెయ్యి మైక్రాన్లు! ఇక చూస్కోండి.

బొమ్మను తిప్పి సరిచేస్తే సరిపోతుందా అంటే, చాలదు. మా మెదక్ మ్యాపునే తీసుకోండి. హైదరాబాద్ దక్షిణాన, కామారెడ్డి ఉత్తరాన ఉంటాయి. మ్యాపును తలకిందులు చేసి ఉత్తరం బాణాన్ని మాత్రం అలాగే వదిలేస్తే, హైదరాబాద్ బస్సు ఎక్కాల్సినోళ్లు కామారెడ్డిలో దిగుతారు. ఇక్కడా అంతే. బొమ్మను ఎంత తిప్పామో, దిక్కుల పట్టికనూ అంతే తిప్పాలి. లేకపోతే లెక్క తప్పుతుందని లీమన్స్, జోన్స్ 2009లోనే చూపించారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఎఫ్ఎస్ఎల్‌లోని 'ఎడ్డీ' ప్రోగ్రాం తిప్పిన పట్టికను విడిగా ఒక ఫైలులో ఇస్తుంది. తర్వాతి స్టెప్‌లో ఏ ఫైలు పెట్టారో మీ కోడ్ తెరిచి ఒకసారి చూసుకోండి.

అసలు ప్రమాదం దీనికంటే పెద్దది. అందరూ ఒకేలా కదలరు. చిన్నపిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు, వణుకు జబ్బున్న పెద్దలు ఎక్కువ కదులుతారు. రెండు గుంపుల మధ్య తల కదలికలో తేడా ఉంటే, మెదడులో లేని తేడా కూడా ఉన్నట్టే కనిపిస్తుందని 2014లో యెండికి బృందం ఆటిజం పిల్లల స్కాన్లతో నిరూపించింది. కదలిక సమానంగా ఉన్నవాళ్లను పోల్చి చూస్తే, కుడివైపు ఒక్క నరాల కట్టలోనే తేడా మిగిలింది. అంటే కదిలినందుకు ఒక పిల్లాడి మెదడు మీద లేని లోపం రాసే అవకాశం ఉందన్నమాట.

"అయితే కదిలినోళ్లను తీసేద్దాం" అంటారా? అప్పుడు ఎవరికోసం ఈ పరిశోధనో వాళ్లే డేటాలో ఉండరు. పాశ్చాత్యుల మెదళ్లతో చేసిన నమూనా మనకు సరిపోవట్లేదనే కదా, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో జయంతి శివస్వామి బృందం 100 మంది భారతీయుల స్కాన్లతో మెదడు అట్లాస్ తయారుచేసి 2019లో ప్రకటించింది! కొలబద్దలో మనం ఉండాలని కోరుకున్నప్పుడు, కదలకుండా ఉండలేని మనవాళ్లు కూడా అందులో ఉండాలి.

కాబట్టి నేను అడిగేది రెండే. ఒకటి, ఎవరు ఎంత కదిలారో, ఎవరిని ఎందుకు తీసేశారో రిపోర్టులో ఒక పట్టికగా పెట్టండి. యాక్యురసీ రెండు శాతం తగ్గినా పర్లేదు.

రెండోది మన సాహిత్య క్లబ్ పని. మెదక్ లాంటి ఊళ్ల నుంచి దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో వచ్చి, ఆ గొట్టంలో పడుకున్న మనిషికి "డోంట్ మూవ్" అంటే ఏం ధైర్యం వస్తుంది? టకటకమని పెద్ద చప్పుడు వస్తుంది, భయపడకండి, ఇన్ని నిమిషాలు పడుతుంది, ఇబ్బందైతే చేతిలో ఉన్న ఈ బల్బు నొక్కండి అని ముందే తెలుగులో చెబితే సగం కదలిక అక్కడే ఆగుతుందని నా నమ్మకం. పిల్లలకైతే కథలా చెప్పాలి. ఒక్క పేజీ చాలు. రాయడానికి మనకన్నా తగినవాళ్లు ఎవరున్నారు? అల్గారిథం పని మొదలుపెట్టేది తల కదిలాక. మాట పని మొదలవ్వాల్సింది అంతకుముందే.