కండరములకును ప్లేడే కావలెను

సింగరేణి ప్రాంతములో పుట్టి పెరిగిన మనకు "ప్లేడే" అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. వారమంతా బావిలోకి దిగిన తండ్రి ఆ ఒక్కరోజు ఇంటిపట్టున ఉంటాడు. భూగర్భములో పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదనియు, వారములో 6 దినములకు మించి ఎవరి చేతను పని చేయించరాదనియు 1952 నాటి గనుల చట్టము నిర్దేశించింది. శ్రమకు హద్దు ఉండవలెనన్న ఈ సత్యము మన ఇండ్లలో అందరికీ తెలిసినదే. అయినను వ్యాయామశాలలో అడుగుపెట్టగానే దానిని మరచిపోతున్నాము.

మన విద్యార్థులలో రెండు పొరపాట్లను మేము గమనిస్తున్నాము. కొందరు వార్షిక క్రీడోత్సవము దగ్గరపడగానే ప్రతిదినము ఛాతీకి, చేతులకు మాత్రమే బరువులెత్తుతారు. పది రోజులు గడిచేసరికి భుజము నొప్పితో మానుకొంటారు. మరికొందరు సోమవారము ఛాతీ, మంగళవారము వీపు అని పంచుకొని, ఒక్కొక్క కండరమునకు వారానికి ఒక్కసారే పని కల్పిస్తారు. మొదటివారిది తొందరపాటు, రెండవవారిది ఏళ్ల తరబడి సాధన చేసిన పోటీదారులను చూసి నేర్చుకొన్న అనుకరణ.

బరువు ఎత్తునప్పుడు కండరము పెరుగదు. ఎత్తిన తరువాత, ఆహారము, నిద్ర లభించినప్పుడు పెరుగుతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1995లో ప్రకటించిన ఫలితము ఇచట గుర్తుంచుకోదగినది. కఠిన వ్యాయామము చేసిన 24 గంటలకు కండరములో మాంసకృత్తుల నిర్మాణము రెండింతలై, 36 గంటలకు దాదాపు యథాస్థితికి వచ్చినది. కాబట్టి మరునాడే అదే కండరమును కష్టపెట్టితే నిర్మాణమునకు అడ్డు తగిలినట్లు. వారమంతా వదిలివేస్తే అవకాశమును జారవిడిచినట్లు. కండరములు పెరుగుటకు వారానికి ఒకసారి కంటె రెండుసార్లు మేలని 2016లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. బలము విషయములో వారము మొత్తము మీద చేసిన పని పరిమాణమే ముఖ్యమని 2018 నాటి మరొక సమీక్ష సూచించింది. అయితే ఆ పనినంతటిని ఒకేరోజు అలసిన శరీరముతో చేయుట కంటె, రెండుమూడు రోజులకు పంచుకొనుట సులభము, క్షేమము. పెద్దలందరు వారానికి కనీసము రెండు రోజులు ముఖ్య కండరములన్నిటికి బలవర్ధక వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతము 2020లో సూచించింది.

"తాలీంలో వస్తాదులు నిత్యము వందలకొద్ది దండీలు, బస్కీలు తీయలేదా? మన తాతలు తట్టా చెమ్మస్ పట్టి రోజూ బొగ్గు నింపలేదా?" అని కొందరు అడుగుతారు. వస్తాదులు చిన్ననాటి నుండి క్రమముగా శరీరమును మలచుకొన్నవారు. వారి తిండి, నిద్ర, దినచర్య అన్నియు సాధన కొరకే. ఇక బొగ్గు నింపిన కార్మికుడు ప్రతిదినము అదే తట్టను ఎత్తినాడు. అది ఓర్పును పెంచినది. దానితోపాటు ఎందరి నడుములనో విరిచినది. బలము స్థిరముగా పెరుగవలెనంటే బరువు కొద్దికొద్దిగా పెరుగవలెను. అనుకొన్న లెక్క కంటె ఒకటి రెండు మార్లు ఎక్కువగా ఎత్తగలిగినప్పుడు నూటికి 2 నుండి 10 వంతుల బరువు కలుపుకొనవచ్చునని అమెరికా క్రీడా వైద్య కళాశాల 2009లో సూచించింది. కొత్తవారికి వారానికి రెండు మూడు దినములే చాలునన్నది కూడ ఆ సంస్థ మాటయే.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. కొత్త ఇనుము కొనుటకు ముందు ఒక కాలపట్టికను గోడకు అంటించండి. బాలురకు సోమ, గురువారములు. బాలికలకు మంగళ, శుక్రవారములు. ప్రతిసారి తొడలు, వీపు, ఛాతీ, భుజములు అన్నింటికి పని ఉండవలెను. బాలికలకు సగము దినములు దయతో ఇచ్చునవి కావు. శ్రీకాకుళము జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరములో సిడ్నీలో మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచి, ఒలింపిక్ పతకము సాధించిన తొలి భారతీయ మహిళ అయినది. అటువంటి శక్తి మన తరగతులలో లేదని ఎవరు చెప్పగలరు?

రంజాను మాసములో ఉపవాసముండు విద్యార్థులు సాధన తగ్గించుకొన్నను దిగులుపడనక్కరలేదు. ఒకసారి సంపాదించిన బలమును నిలుపుకొనుటకు, యువకులకు వారానికి ఒక్క దినపు సాధన చాలునని 2011 నాటి ఒక అమెరికా పరిశోధన చూపింది. రాత్రి షిఫ్టు చేసి తరగతికి వచ్చు సోదరులకు కూడ ఇదే మాట: నిద్ర చాలని రోజున బరువుల జోలికి పోవద్దు. వారములో రెండవ అవకాశము ఎలాగును ఉన్నది.

తండ్రి ప్లేడే నాడు విశ్రమించుటను ఎవరూ సోమరితనమనరు. మరునాడు మళ్ళీ బావిలోకి దిగవలెను గనుక విశ్రమిస్తాడు. మన కండరములకును ఆ న్యాయమే వర్తించవలెనని మా అభిప్రాయము.