బేజుబాన్ అని ఎవరిని అంటున్నాం?

మన నెల్లూరు తీరంలో బేటీలు ఇంటర్ బైపీసీ దాకా వస్తున్నారు, అల్‌హందులిల్లాహ్. కానీ మనిషి మాటకు మూలం జంతువుల కేకల్లో ఉందా అన్న ప్రశ్న వస్తే చాలు, "తౌబా తౌబా, ఆ పేజీ వదిలెయ్" అనే పెద్దమనిషి ప్రతి మొహల్లాలో ఒకరుంటారు. నేను దీనికి పూర్తిగా ఖిలాఫ్. ఇది ఈమాన్ కాదు, బద్ధకం.

జంతువుల్ని బేజుబాన్ అంటున్నది మనం. ఖుర్‌ఆన్ అనలేదే! సులైమాన్ అలైహిస్సలాంకు పక్షుల పలుకు నేర్పిన సంగతి అందులోనే ఉంది. తోటి చీమల్ని హెచ్చరించిన చీమ పేరుతో ఒక సూరా, తేనెటీగ పేరుతో మరో సూరా ఉన్నాయి. మన పాత మంతిఖ్ కితాబులు మనిషికిచ్చిన నిర్వచనమేమిటి? హైవానె నాతిఖ్, అంటే మాట్లాడే జంతువు. జంతువన్న మాటకు ఆ ఆలిములు ఉలిక్కిపడలేదు.

సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు చెరువుకు వెళ్లి చూడండి. పెద్ద నత్తగుల్లకొంగకు గొంతు దాదాపు లేదు, ముక్కు టకటకలాడించి సంగతి చెప్పేస్తుంది. కెన్యాలో వర్వెట్ కోతులకు చిరుతకొక కేక, గద్దకొక కేక, పాముకొక కేక. రికార్డు చేసిన కేకలు వినిపించి 1980లో సెయ్‌ఫార్త్, చెనీ, మార్లర్ దీన్ని రుజువు చేశారు. గద్ద కేక వింటే కోతులు పైకి చూస్తాయి, పాము కేక వింటే నేలకేసి చూస్తాయి. ఇక తేనెటీగ చిందులేసి, కంటికి కనపడని పూలు ఏ దిక్కున ఎంత దూరాన ఉన్నాయో చెబుతుంది. ఆ గుట్టు విప్పిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది.

అయితే "నిన్న చిరుత రాలేదు" అని చెప్పిన కోతి లేదు. జరగనిదాన్ని, రేపు జరగబోయేదాన్ని చెప్పడం మన దగ్గరే కనిపిస్తుంది. ఆదం అలైహిస్సలాంకు పేర్లు నేర్పడమనే మాట బరువు నాకు ఈ తేడా చదివాకే తెలిసింది.

పేజీ మూసేయడం మన పెద్దలకే కాదు, ఫిరంగీలకూ అలవాటే. భాష పుట్టుక మీద వ్యాసాలు తీసుకోబోమని పారిస్ భాషాశాస్త్ర సంఘం 1866లో నియమం పెట్టుకుంది. ప్రశ్న ఆగిందా? 2001లో, మాట సరిగా తిరగని ఒక లండన్ కుటుంబంలో ఫాక్స్‌పీ2 అనే జన్యువు దెబ్బతిన్నదని తేలింది. అదే జన్యువు పక్షుల్లోనూ ఉంది. జీబ్రా ఫించ్ పిల్లల్లో దాన్ని తగ్గిస్తే పెద్ద పక్షి పాటను సరిగా పట్టుకోలేకపోయాయి.

ఇందులో ఏ లైను చదివితే మన బేటీ ఈమాన్ పోతుందో, ఆ లైను నాకు చూపించండి జనాబ్.