కౌంటరుకు ఇవతలి మనిషి భాష

పనిచేసే చోట ఫలానా భాషే మాట్లాడాలని శాసించే హక్కు యజమానికి ఉందా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా వాదం రెండు కొసలకు చీలిపోతుంది. జీతమిచ్చేవారు మిగతా అర్హతలను నిర్ణయించుకున్నట్టే భాషనూ నిర్ణయించుకుంటారని, అందులో ఇతరుల జోక్యం అక్కరలేదని ఒక పక్షం అంటే, ఈ నేల మీద బతికేవారు ఈ నేల భాష మాట్లాడి తీరాలని మరొక పక్షం పట్టుబడుతుంది. ఆ మాట ఎవరికి అర్థం కావాలి, అర్థం కాకపోతే నష్టపోయేది ఎవరు అన్న విచారణ రెండు వాదాల్లోనూ కనిపించదు. నష్టం ఎవరి నెత్తిన పడుతుందో వారి భాషే నియమానికి ఆధారం కావాలి. ఎవరికీ నష్టం లేని చోట నియమమే ఉండకూడదు. ఈ కొలతతో చూస్తే, భాషా నియమాలు అక్కరలేని చోట పాతుకుపోయి, అవసరమైన చోట నామమాత్రంగా మిగిలిపోయాయని తెలుస్తుంది.

నియమం సబబైన చోట్లు ఉన్నాయి, వాటి గురించి ఎక్కువ తర్కం అవసరం లేదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానం తనకు కేటాయించిన ఎత్తు కంటే కిందికి దిగడం ప్రధాన కారణమని, ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడం దానికి తోడైందని దర్యాప్తులో తేలింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో భాషా ప్రమాణాలను ఆమోదించి, అంతర్జాతీయ సర్వీసుల పైలట్లకు, కంట్రోలర్లకు ఆరు మెట్ల కొలమానంలో కనీసం నాలుగో మెట్టు రావాలని నిర్దేశించడం వెనుక ఇటువంటి ప్రమాదాల అనుభవం ఉంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందాలంటే ఆ భాషలో సాధారణంగా బీ2 స్థాయి, అంటే తడుముకోకుండా సంభాషించగలిగే స్థాయి కావాలి. తెలంగాణ నుంచి అక్కడికి వెళ్లే నర్సులు మొదట భాష నేర్చుకునేది అందుకే. మంచం మీదున్న రోగి చెప్పే నొప్పి నర్సుకు అర్థం కాకపోతే బాధ పడేది రోగే గనుక ఆ నిబంధనను ఎవరూ వివక్ష అనరు.

అమెరికాలో వివాదం మరొక రకమైనది. అక్కడి 1964 పౌర హక్కుల చట్టం జాతీయ మూలాన్ని బట్టి, అంటే మనిషి గాని అతని పూర్వీకులు గాని ఏ దేశం నుంచి వచ్చారన్నదాన్ని బట్టి, ఉద్యోగాల్లో వివక్షను నిషేధిస్తుంది గాని భాష పేరెత్తదు. ఆ చట్టాన్ని అమలుచేసే సమాన ఉద్యోగావకాశాల సంఘం 1980లో మార్గదర్శకాలు ఇస్తూ, అన్ని వేళలా ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమాన్ని వివక్షగానే పరిగణిస్తామని, కొన్ని వేళలకే పరిమితమైన నియమానికైనా యజమాని వ్యాపార అవసరాన్ని చూపాలని చెప్పింది. అయినా 1993లో స్పన్ స్టేక్ అనే మాంసం కంపెనీ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు యజమాని వైపే మొగ్గింది. కాలిఫోర్నియాలోని ఆ కంపెనీలో ఉన్న 33 మందిలో 24 మంది స్పానిష్ మాట్లాడేవారు. కన్వేయర్ బెల్టు మీద వచ్చే మాంసాన్ని తీసి ట్రేలలో సర్దడం లైనులో నిలబడేవారి పని. కొందరు తోటివారిని ఎగతాళి చేస్తున్నారన్న ఫిర్యాదు రావడంతో, భోజనం, ఇతర విరామ వేళలు మినహా పని వేళల్లో ఇంగ్లీషే మాట్లాడాలని కంపెనీ నియమం పెట్టింది. రెండు భాషలూ వచ్చినవారు సులభంగా ఇంగ్లీషులోకి మారగలరు గనుక వారికి నష్టమేమీ లేదని కోర్టు భావించింది.

ఈ తీర్పు తర్కం నిలవదు. ట్రేలో మాంసం సర్దడానికి ఏ భాషా అక్కరలేదు. ఎగతాళి తప్పయితే దాన్ని ఏ భాషలో చేసినా శిక్షించవచ్చు, అందుకు ఇరవై నలుగురి నోళ్లు కట్టేయనక్కరలేదు. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాష మనిషి నోట అప్రయత్నంగా వస్తుంది, కాలు జారినా చేయి తెగినా ముందు వచ్చేది అదే, కాబట్టి దాన్ని ప్రతి క్షణం కాపలా కాసుకోవలసి రావడమే ఒక భారం. 2002 నుంచి అమలులో ఉన్న కాలిఫోర్నియా చట్టం ఈ విషయంలో మెరుగైనది: వ్యాపారం సురక్షితంగా, సమర్థంగా సాగడానికి ఆ నియమం తప్పనిసరి అని, అంతకంటే తక్కువ ఇబ్బందితో పని జరిగే మార్గం మరొకటి లేదని యజమాని చూపగలిగితేనే భాషా నియమం చెల్లుతుంది. అమెరికా ఐటీ కార్యాలయాల్లో పనిచేసే వేలాది తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. కాఫీ యంత్రం దగ్గర ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికీ పోయేదేమీ లేదు. కానీ నిర్ణయాలు తీసుకునే సమావేశంలో తెలుగు రాని ఒక్క సహోద్యోగి ఉన్నా, అక్కడ తెలుగులోకి మళ్లడం అతని పనిని, పేరును దెబ్బతీస్తుంది గనుక దాన్ని కూడదనే హక్కు యజమానికి ఉంటుంది.

ఈ సమస్య గురించి చట్టంలో అందరికంటే శ్రద్ధగా ఆలోచించినది కెనడాలోని క్యూబెక్. ఆ రాష్ట్రంలో ఫ్రెంచివారే అధిక సంఖ్యాకులైనా, పెద్ద కంపెనీలు, బ్యాంకులు ఇంగ్లీషువారి చేతుల్లో ఉండడం వల్ల ఫోర్‌మన్ స్థాయి దాటాలంటే ఇంగ్లీషు తప్పనిసరి అయ్యేది. 1960ల్లో కెనడా నియమించిన రాయల్ కమిషన్, సొంత రాష్ట్రంలోనే ఫ్రెంచివారి ఆదాయాలు దాదాపు అట్టడుగున ఉన్నాయని బయటపెట్టింది. 1977లో వచ్చిన ఫ్రెంచి భాషా శాసనం, పని స్వభావం కోరితే తప్ప ఫ్రెంచి కాని భాష రావాలని యజమాని ఎవరినీ అడగకూడదని కట్టడి చేసింది. 2022 సవరణ మరొక అడుగు వేసి, ఆ పనికి ఆ భాష నిజంగా ఎంత అవసరమో ముందు అంచనా వేయాలని, ఇప్పటికే ఉన్న ఉద్యోగుల భాషా పరిజ్ఞానం చాలదని తేల్చుకోవాలని, అటువంటి ఉద్యోగాల సంఖ్యను వీలైనంత తగ్గించాలని యజమానికి చెప్పింది. రుజువు చేసుకోవలసిన బాధ్యత ఉద్యోగార్థి మీద కాకుండా యజమాని మీద ఉండడం ఇందులోని గొప్ప విషయం. క్యూబెక్ చట్టాల్లో వలసవచ్చినవారిని ఇబ్బంది పెట్టే కాఠిన్యమూ ఉంది, దాన్ని మెచ్చుకోనక్కరలేదు. కానీ ఈ ఒక్క నిబంధన తెలుగు రాష్ట్రాలకు అరువు తెచ్చుకోదగినది.

ఎందుకంటే ఇక్కడ ఎవరూ ప్రశ్నించని భాషా నియమం ఇంగ్లీషుది. బేరమాడేవారు, సరుకు అడిగేవారు, బిల్లు కట్టేవారు అందరూ తెలుగువారైన దుకాణంలో క్యాషియరు ఉద్యోగానికి కూడా ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడగలగాలన్న షరతు ప్రకటనల్లో కనిపిస్తుంది. ఆ షరతు పనిని పరీక్షించదు, చదివిన బడిని పరీక్షిస్తుంది. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి లెక్కల్లో ఎంత చురుకైనదైనా ఇంటర్వ్యూ గది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పాలకుల భాష రానివారికి కొలువు దొరకని స్థితి తెలుగువారికి కొత్తది కాదు. నిజాం కాలపు హైదరాబాదు రాజ్యంలో తెలుగు మాట్లాడేవారు అత్యధికులై ఉండగా కచేరీల్లో పెద్ద ఉద్యోగానికి ఉర్దూ కావలసి వచ్చేది, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన కూడా ఉర్దూలోనే మొదలైంది. ఆ అన్యాయాన్ని గుర్తుపట్టిన సమాజం ఇంగ్లీషు విషయంలో అదే అన్యాయాన్ని సహజమనుకుంటోంది.

ఇక నియమం ఉండవలసి ఉండీ లేని చోటు బ్యాంకు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందే స్టేట్ బ్యాంకులో విలీనమైంది. ఆ రెండింటి ప్రధాన కార్యాలయాలూ హైదరాబాదులో ఉండేవి, ఇప్పుడు నిర్ణయాలు జరిగేది ముంబైలో. క్లర్కు ఉద్యోగాలకు ఆయా రాష్ట్రాల భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలన్న షరతు ఉంది; స్టేట్ బ్యాంకులోనైతే పదో తరగతిలో గాని పన్నెండో తరగతిలో గాని ఆ భాష చదివినట్టు మార్కుల జాబితా చూపనివారికి భాషా పరీక్ష పెడతారు. అధికారుల సంగతి వేరు. ప్రొబేషనరీ ఆఫీసరుగా ఎంపికైనవారిని దేశంలో ఎక్కడికైనా పంపవచ్చు గనుక వారికి అటువంటి షరతు లేదు. స్థానిక భాష తప్పనిసరైన సర్కిల్ ఆధారిత అధికారుల వంటి కొన్ని పోస్టులు మాత్రమే దీనికి మినహాయింపు. ఫలితంగా డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవారికి తెలుగు రావాలి గాని, పంట రుణం మంజూరు చేసేవారికి, దరఖాస్తు తిరస్కరించేవారికి రానక్కరలేదు.

ఊళ్లో శాఖ అంటే మేనేజరు, మరొక అధికారి, ఒకరిద్దరు క్లర్కులు. క్లర్కు సెలవు పెట్టిన రోజున బంగారం కుదువ పెట్టడానికి వచ్చిన రైతు భార్య ముందుకు ఫారాల కట్ట వస్తుంది, టిక్కు పెట్టిన చోటల్లా ఆమె సంతకం గాని వేలిముద్ర గాని వేస్తుంది. గడువు ఎన్ని నెలలు, ఆ లోపు వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోకపోతే నగ వేలానికి పోతుందా అన్న ముక్క చెప్పేవారుండరు. పాస్‌బుక్కులో ఏటా ఒకసారి 436 రూపాయలు తగ్గినట్టు ఒక వరుస అచ్చవుతుంది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఖాతాదారు చనిపోతే నామినీకి, అంటే ఖాతాదారు ముందుగా పేరు రాయించిన వ్యక్తికి, రెండు లక్షలు రావాలి. పొడి అక్షరాల్లో ఉన్న ఆ వరుస ఏమిటో ఎవరూ తెలుగులో చెప్పని ఇంట్లో, మనిషి పోయాక ఆ డబ్బు అడగాలన్న సంగతే తెలియదు. కౌంటరుకు అవతల ఉన్నవారికి భాష రాకపోతే ఇవతల ఉన్నవారికి జరిగే నష్టం ఇంత నిర్దిష్టమైనది.

రిజర్వు బ్యాంకుకు ఇది తెలియక కాదు. ఖాతాదారులు వాడే ఫారాలు, చలాన్లు, పాస్‌బుక్కులు ఇంగ్లీషు, హిందీ, ప్రాంతీయ భాష మూడింటిలోనూ ఉండాలని ఎప్పటినుంచో చెబుతోంది. బంగారం రుణాలపై 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల్లో ఇంకా ముందుకు వెళ్లి, షరతులను ప్రాంతీయ భాషలో గాని రుణగ్రహీత ఎంచుకున్న భాషలో గాని తెలపాలని, చదువు రానివారికి బ్యాంకు ఉద్యోగి కాని సాక్షి ఎదుట వివరించాలని నిర్దేశించింది. ఆ ఆదేశం బంగారం, వెండి రుణాలకే పరిమితం కావడానికి కారణం లేదు. పంట రుణానికి, స్వయం సహాయక సంఘం రుణానికి కూడా అదే వర్తించాలి, వివరించే అధికారికి ఆ భాష రావాలి.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో ఒకటి బరువైనది. బీహారు నుంచి శ్రీకాకుళం జిల్లాకు బదిలీ అయిన యువ అధికారి తప్పేముంది? నిజంగానే ఏమీ లేదు. భాష నేర్పకుండా, గడువివ్వకుండా అక్కడికి పంపిన యజమానిదే తప్పు. 2025 మేలో కర్ణాటకలోని ఆనేకల్ తాలూకా శాఖలో కన్నడం మాట్లాడనని మేనేజరు వాదించిన వీడియో బయటికొచ్చినప్పుడు బ్యాంకు ఆ అధికారిని బదిలీ చేసి ఊరుకుంది. అటువంటి బదిలీ సమస్యను ఒక శాఖ నుంచి మరొక శాఖకు మారుస్తుందే గాని తీర్చదు. ఐఏఎస్ అధికారులకు కేటాయించిన రాష్ట్ర భాషను ముస్సోరీ శిక్షణలోనే నేర్పుతారు, అందుకే హిందీ ప్రాంతం నుంచి వచ్చిన కలెక్టర్లు తెలుగులో అర్జీలు వినగలుగుతున్నారు. జీతంతో కూడిన శిక్షణ, చిన్న ప్రోత్సాహకం, ఆరు నెలల గడువు ఇస్తే బ్యాంకు అధికారికీ అది సాధ్యమే.

భాష పేరుతో దౌర్జన్యం చేసేవారికి ఈ వాదంలో చోటు లేదు. 2025లో మహారాష్ట్రలో మరాఠీ కోసం బ్యాంకు శాఖల్లోకి చొరబడి సిబ్బందిని బెదిరించారు, మీరా రోడ్డులో ఒక దుకాణదారుపై చేయిచేసుకున్నారు. పాలమూరు కూలీలు, భివండి మరమగ్గాల మీద పనిచేసే తెలుగు నేతకార్మికులు ఆ రాష్ట్రంలో తరతరాలుగా బతుకుతున్నారు. మగ్గం నడపడానికి మరాఠీ పరీక్ష పెట్టకూడదన్న సూత్రమే వారిని కాపాడుతుంది.

కర్మాగారంలో ఇదే సూత్రం యజమాని మీదికి తిరుగుతుంది. నోటీసులు ఇంగ్లీషుతో పాటు అధిక సంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 108వ సెక్షన్ చెప్పింది. హైదరాబాదు చుట్టూ ఉన్న ఔషధ, రసాయన పరిశ్రమల్లో, నిర్మాణ స్థలాల్లో ఒడిశా, బీహారు, జార్ఖండ్ కార్మికులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. ప్రమాద హెచ్చరిక వారి భాషలో లేకపోతే కాలేది వారి ఒళ్లు, కాబట్టి అక్కడ తెలుగు రావాలని కూలీని అడగడం కంటే, ఒడియాలో, హిందీలో చెప్పగల సూపర్‌వైజరును పెట్టడం యజమాని విధి.

ఇదే కొలత తెలుగుకూ హద్దు గీస్తుంది. ఉట్నూరు ఏజెన్సీలో కౌంటరుకు ఇవతల నిలబడే మనిషి భాష గోండి, కోలామి కావచ్చు, పాతబస్తీలో ఉర్దూ కావచ్చు, మడకశిరలో కన్నడం కావచ్చు. అటువంటి చోట రాష్ట్ర భాష వచ్చిన ఉద్యోగిని పంపడంతో బ్యాంకు బాధ్యత తీరదు. రెండు రాష్ట్రాల్లోనూ రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితులు ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో యూనియన్ బ్యాంకు, తెలంగాణలో స్టేట్ బ్యాంకు వాటిని నిర్వహిస్తాయి. రుణ లక్ష్యాల లెక్కలు జిల్లాల వారీగా చూసే ఆ సమావేశాల్లో, ప్రతి శాఖలో రుణం మంజూరు చేసే అధికారుల్లో అక్కడి ఖాతాదారుల భాష వచ్చినవారు ఎందరు అన్న మరొక గడిని ఆ పట్టికకు చేర్చమని ప్రభుత్వాలు అడగాలి. అందుకు కొత్త చట్టం కూడా అక్కరలేదు.