జీవో వచ్చాక చర్చ ఎక్కడ?

విశ్వవిద్యాలయాల్లో ప్రజాస్వామ్యం మీద సదస్సులకు కొదవ లేదు. శాలువాలు, జ్ఞాపికలు, చివర్లో వందన సమర్పణ. అసలు పరీక్ష ఆ విశ్వవిద్యాలయం సొంత వ్యవహారం మీద నిర్ణయం వెలువడినప్పుడే ఎదురవుతుంది. రాజేంద్రనగర్‌కు ఆ పరీక్ష 2024 జనవరిలో వచ్చింది.

అక్కడి ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం భూముల్లో 100 ఎకరాలను కొత్త హైకోర్టుకు కేటాయిస్తూ ప్రభుత్వం జీవో 55 ఇచ్చింది. మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు భవనం 1920 నాటిది, ఇరుకైపోయిందన్నది నిజం. పరిశోధన భూములు, చెట్లు పోతాయన్న విద్యార్థుల మాటా తీసిపారేయదగ్గది కాదు. చర్చకు ఇంతకన్నా తగిన విషయం ఏముంటుంది? కానీ ఎవరు కూర్చోబెడతారు? అప్పటికి పూర్తికాలపు ఉపకులపతే లేరు, ఇన్‌ఛార్జి పాలన నడుస్తోంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి. ఇక మిగిలింది రోడ్డు.

ఆ రోడ్డు మీద జరిగింది దేశమంతా చూసింది. స్కూటర్ మీద వెళ్తున్న ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు పరుగెడుతున్న ఒక విద్యార్థి కార్యకర్తను జుట్టు పట్టి ఈడ్చారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంత తానుగా విచారణకు తీసుకుంది. మార్చి 27న అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్ కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. కట్టబోయేది న్యాయస్థానం, దాని విషయంలోనే అవతలి పక్షం వాదన వినలేదు.

మరుసటి ఏడాది మార్చిలో ఉస్మానియా క్యాంపస్‌లో ధర్నాలు, నినాదాలు కూడదంటూ సర్క్యులర్ వెలువడింది. ఆ నెలాఖరుకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (హెచ్‌సీయూ) పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు కూల్చేందుకు జేసీబీలు దిగాయి. నిరసన తెలిపిన విద్యార్థులను అరెస్టు చేశారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా యంత్రాలు ఆగలేదు. ఈలోగా అక్కడి జింకలవంటూ ఏఐతో చేసిన బొమ్మలు ఫోన్లలో తిరిగాయి, వాటి మీద పోలీసు కేసులూ పడ్డాయి. బొమ్మలు అబద్ధమే కావచ్చు, చెట్లు కూలడం మాత్రం అబద్ధం కాదు.

ప్రమాదం ఇక్కడే ఉంది. లోపల మాట్లాడే చోటు మూసేస్తే వివాదం లాఠీ దగ్గరో, కోర్టులోనో, ఫోన్ తెర మీదో తేలుతుంది. తమ పార్టీ గద్దె మీద ఉంటే నోరు మెదపని, దిగిపోగానే బంద్ పిలుపునిచ్చే విద్యార్థి విభాగాలకు కావలసిందీ అదే. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లే రేపు వ్యవసాయాధికారులు, శాస్త్రవేత్తలు. నకిలీ విత్తనం గురించి పైవాళ్లకు ఎదురు చెప్పాల్సింది వాళ్లే. ప్రశ్నిస్తే జుట్టు పట్టుకుంటారని నేర్పి పంపిస్తే ఆ నష్టం రైతుది. విశ్వవిద్యాలయం పేరులో ఉన్న జయశంకర్ 1952 ముల్కీ ఉద్యమంలోకి విద్యార్థిగానే దిగారన్నది ఎవరూ గుర్తు చేసుకోరెందుకో!

విశ్వవిద్యాలయ భూముల మీద ఒత్తిడి తగ్గే సూచన లేదు. 2023 ఆగస్టులో రాజేంద్రనగర్ పక్కనే బుద్వేల్‌లో హెచ్‌ఎండీఏ 100 ఎకరాలు వేలం వేస్తే సుమారు 3,625 కోట్ల రూపాయలు పలికింది. ఆ ధర చూశాక ఏ ప్రభుత్వమైనా విశ్వవిద్యాలయ భూమిని ఖాళీ జాగా అనే అంటుంది. అందుకే, జీవోకు ముందే ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో బహిరంగ విచారణ పెట్టాలి. దస్త్రాలు బయటపెట్టాలి, మంత్రి వచ్చి కూర్చుని జవాబు చెప్పాలి. 2006 నాటి లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం సంఘాల ఎన్నికలు ఈ విద్యాసంవత్సరంలోనే జరపాలి.