తూకం చెప్పని ఎముక

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇంటికి రాగానే కాళ్లు చాపుకుని, వాటిమీద పడుకోబెట్టి నూనె రాసే అమ్మమ్మకు ఆసుపత్రి నుంచి చేరే కబురు సాధారణంగా ఒక్కటే: బరువెంత పెరిగిందో. ఎముక సంగతి ఆమె దాకా రాదు. ఎముక గట్టిపడడానికి కడుపులో బిడ్డ కూడబెట్టుకునే క్యాల్షియం, ఫాస్ఫరస్‌లలో దాదాపు 80 శాతం చేరేది చివరి మూడు నెలల్లోనే. 28 వారాలకే పుట్టిన బిడ్డకు ఆ వాటా దక్కదు. తల్లిపాలు ఎంత శ్రేష్ఠమైనా ఆ లోటును అవొక్కటే పూడ్చలేవు. అందుకే నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగమైన ఎన్‌ఐసీయూలో పాలలో పోషకాలు చేర్చే ఫార్టిఫైయర్ కలుపుతారు, విటమిన్ డి చుక్కలు వేస్తారు. లేత ఎండ చాలదా అంటారు పెద్దవాళ్లు. ఎండ ఫాస్ఫరస్ ఇవ్వదుగా! రక్తంలో అది తగ్గి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరుగుతున్నా బిడ్డ పైకి బాగానే కనిపిస్తుంది. పక్కటెముక విరిగిన సంగతి ఒక్కోసారి వేరే కారణానికి తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది. అలాంటి బిడ్డ కాళ్లూ చేతులూ మెలితిప్పి సాగదీస్తే ప్రమాదం. మెత్తగా నిమరడం మేలే, లాగడమే వద్దు.

ఈ మాట డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో రాసిస్తే సరిపోదు. ఇంట్లో స్నానం చేయించే మనిషినే వార్డుకు పిలిపించి, చుక్కలు ఎన్నాళ్లు వేయాలో, రక్తపరీక్ష మళ్లీ ఎప్పుడో చెప్పి, బిడ్డను ఎలా పట్టుకోవాలో నర్సు చేసి చూపించాలి.