ఆ ట్యూబు చౌక కాదు: పిల్లల ఒంటి మీద మచ్చలు, మెడికల్ షాపు క్రీములు

పిల్లాడి తొడ మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ వస్తుంది. రాత్రంతా గోకుతూనే ఉంటాడు. మన ఇళ్లలో చాలాసార్లు జరిగేది ఒకటే. ఎవరో ఒకరు వీధి చివర మెడికల్ షాపుకు వెళ్లి "దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వు భాయ్" అంటారు. వంద రూపాయలు అటూ ఇటూగా ఒక క్రీము వస్తుంది. మూడు రోజుల్లో దురద తగ్గుతుంది, ఇంట్లో అందరికీ ఆ ట్యూబు మీద నమ్మకం కుదురుతుంది. తర్వాత అది అల్మారాలో ఉండిపోతుంది. చంటిపాపకు డైపర్ దగ్గర ఎర్రబడితే అదే, అమ్మీ మెడ మీద దురదకు అదే, పెద్దపాప మొహం మీద మచ్చకు కూడా అదే.

డాక్టరు ఫీజు ఐదారు వందలు, ఒక పూట కూలి పోతుంది, ఆటో ఖర్చు వేరే. ఈ లెక్కలో ట్యూబు చౌకగానే కనిపిస్తుంది. కానీ ఈ లెక్క సగమే. మిగతా సగం రెండు మూడు నెలల తర్వాత తెలుస్తుంది.

ట్యూబులో ఏముంది?

ఇలా అడిగితే ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి. ఫంగస్‌కు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి, వీటికి తోడు ఒక గట్టి స్టెరాయిడ్. దురద, ఎరుపు చప్పున తగ్గేది ఈ స్టెరాయిడ్ వల్లే. అయితే అది ఫంగస్‌ను చంపదు. దానితో పోరాడే చర్మం శక్తిని అణచివేస్తుంది. పైకి మచ్చ మాయమైనట్టు ఉంటుంది, లోపల ఫంగస్ పాకుతూనే ఉంటుంది. ట్యూబు ఆపగానే మచ్చ రెట్టింపు సైజులో తిరిగొస్తుంది. అప్పటికి దాని రూపం కూడా మారిపోయి, డాక్టరుకు సైతం వెంటనే గుర్తుపట్టడం కష్టమవుతుంది.

పెద్దవాళ్ల కంటే పిల్లలకు నష్టం ఎక్కువ. వాళ్ల చర్మం పలచన. బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం కూడా ఎక్కువ. అందుకే పూసిన మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. డైపర్ కింద పూస్తే మూత వేసి ఊరబెట్టినట్టే, ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. చర్మం పలచబడటం, తెల్ల మచ్చలు, చారలు, మొహం మీద వెంట్రుకలు రావడం దీని ఫలితాలే. ఎక్కువ కాలం వాడితే శరీరంలోని హార్మోన్లు దెబ్బతిని ఎదుగుదల కూడా మందగించవచ్చు.

చట్టం ఉంది, అమలు ఏది?

ఇది ప్రభుత్వానికి తెలియని విషయం కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 328 రకాల మిశ్రమ మందులను నిషేధించింది. వాటిలో ఇలాంటి చర్మం క్రీములు కూడా ఉన్నాయి. చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్ల తరబడి దీని మీద ప్రచారం చేస్తోంది. అయినా బస్తీల్లో చీటీ అడిగే షాపులు ఎన్ని? అడిగితే కొనేవాడు పక్క షాపుకు పోతాడని షాపువాడి భయం. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఖర్చని కొనేవాడి భయం. ఈ రెండు భయాల మధ్య చట్టం కాగితం మీద ఉండిపోయింది.

మూల్యం మాత్రం దేశం మొత్తం కడుతోంది. మామూలు మందులకు లొంగని తామర (ఉర్దూలో దాద్) పదేళ్లకు పైగా మన దేశంలో పెరుగుతూ వస్తోంది. ఇలాంటి ఒక ఫంగస్‌కు 2020లో శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని ఇండియా పేరు కలిసేలా పేరు పెట్టారు. 2023లో అమెరికాలోని న్యూయార్క్‌లో కూడా ఇది ఇద్దరిలో బయటపడింది. స్టెరాయిడ్ క్రీముల విచ్చలవిడి వాడకం దీనికి ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు చెబుతున్నారు.

జ్వరం లేని మచ్చలు: ఏది ఏంటి?

గుర్తుపట్టడానికి మొదటి ప్రశ్న సులువు. మచ్చలతో పాటు జ్వరం ఉందా, లేదా? లేకపోతే సాధారణంగా కనిపించేవి ఇవి.

చెమటకాయలు: మెడ, వీపు, చంకల దగ్గర సన్నటి పొక్కులు. దీనికి క్రీమే అక్కర్లేదు. చల్లటి నీళ్ల స్నానం, వదులుగా నూలు బట్టలు, గాలి చాలు. అవసరమైతే క్యాలమైన్ లోషన్. పౌడర్ కుప్పలుగా చల్లితే చెమట రంధ్రాలు ఇంకా మూసుకుంటాయి.

తామర: గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా పొట్టు లేస్తుంది, మధ్యలో కొంచెం మామూలుగా ఉంటుంది. స్టెరాయిడ్ కలవని ఉత్త ఫంగస్ క్రీము, ఉదాహరణకు క్లోట్రిమజోల్, రోజుకు రెండుసార్లు మచ్చ దాటి కొంచెం బయటిదాకా రాయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపకూడదు. తలలో వచ్చి జుట్టు ఊడితే క్రీముతో పోదు, లోపలికి మందు కావాలి, డాక్టరుకు చూపించాల్సిందే. టవల్ ఎవరిది వాళ్లకే ఉండాలి.

గజ్జి: వేళ్ల సందులు, మణికట్టు, నడుము, బొడ్డు చుట్టూ పొక్కులు. రాత్రి దురద మరీ ఎక్కువ. ఇంట్లో ఇంకొకరు కూడా గోకుతుంటే అనుమానం దాదాపు ఖాయం. ఇది కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వస్తుంది, మురికికి పడే శిక్ష కాదు. హాస్టళ్లలో, మదర్సాల్లో, రెసిడెన్షియల్ స్కూళ్లలో పిల్లలు దగ్గర దగ్గరగా పడుకుంటారు కాబట్టి తొందరగా పాకుతుంది.

ఎగ్జిమా: చర్మం పొడిబారి, మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక దురద. చంటిపిల్లలకు బుగ్గల మీద వస్తుంది. వస్తూ పోతూ ఉంటుంది. స్నానం అయిన వెంటనే మాయిశ్చరైజర్ లేదా వాసన లేని వ్యాజలీన్ రోజూ రాయడమే దీనికి సగం వైద్యం. ఎక్కువైనప్పుడు డాక్టరు తేలికపాటి స్టెరాయిడ్ రాస్తారు. అది సరైన మందే, భయపడి మధ్యలో మానేయకండి. తప్పు స్టెరాయిడ్‌ది కాదు, ఏ జబ్బుకో తెలియకుండా పూయడంలో ఉంది.

చీము పొక్కులు: ముక్కు, నోటి దగ్గర తేనె రంగు పక్కు కడితే బ్యాక్టీరియా. డాక్టరు చెప్పిన యాంటీబయాటిక్ పూతే వాడాలి.

గజ్జి మందు ఒక్కడికి రాస్తే దండగ

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది గజ్జి దగ్గరే. గోకే పిల్లాడికి మాత్రమే మందు రాస్తారు. కానీ మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అంటే దురద లేని చెల్లి దగ్గర, దాదీ దగ్గర కూడా పురుగు ఉండొచ్చు. పిల్లాడికి తగ్గుతుంది, మళ్లీ వాళ్ల నుంచే అంటుకుంటుంది.

5 శాతం పర్మెత్రిన్ క్రీమును ఇంట్లో అందరూ ఒకే రాత్రి, మెడ నుంచి కాలి వేళ్ల దాకా, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో రాయాలి. చిన్నపిల్లలకు తల, మొహం కూడా, కళ్లు నోరు వదిలేసి. 8 నుంచి 14 గంటల తర్వాత కడగాలి. వారం తర్వాత ఇంకోసారి. రెండు నెలల లోపు పసికందులకు, గర్భిణులకు డాక్టరును అడిగే వాడాలి. అదే ఉదయం బట్టలు, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివి సంచిలో కట్టి వారం పక్కన పెడితే సరిపోతుంది. పురుగు చచ్చినా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు. మందు పనిచేయలేదని రోజూ పూయకండి.

ఈద్‌కు ఇంకో మాట. మామూలు మెహందీ ఎర్రగా పండుతుంది. గంటలో నల్లగా పండే "బ్లాక్ మెహందీ" కోన్లలో పీపీడీ అనే జుట్టు రంగు రసాయనం కలపవచ్చు. కొందరు పిల్లలకు డిజైన్ ఉన్నచోటల్లా బొబ్బలు లేస్తాయి. ఒకసారి ఆ అలర్జీ పట్టుకుంటే జీవితాంతం ఉండిపోవచ్చు.

జ్వరంతో వచ్చే మచ్చలు

ఇక్కడ క్రీము ప్రశ్నే లేదు. మూడు నాలుగు రోజులు జ్వరం, దగ్గు, జలుబు, ఎర్ర కళ్లు, ఆ తర్వాత చెవుల వెనక నుంచి మొదలై మొహం మీదుగా కిందికి దిగే మచ్చలు ఉంటే తట్టు (ఖస్రా) అని అనుమానించాలి. 2022 చివర్లో ముంబైలోని గోవండి లాంటి ఇరుకు బస్తీల్లో తట్టు పాకి పిల్లలు చనిపోయారు. చాలామందికి టీకా పూర్తి కాలేదు. టీకా లేని పదిమంది దగ్గరగా మెలిగితే తొమ్మిది మందికి అంటుకునే జబ్బు ఇది. ఎంఆర్ టీకా 9 నుంచి 12 నెలల మధ్య ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. తప్పిపోతే ఐదేళ్ల లోపు వేయించవచ్చు. తట్టు వచ్చిన పిల్లలకు డాక్టర్లు రెండు రోజులు విటమిన్ ఏ ఇస్తారు. అడిగి తీసుకోండి.

నీటి పొక్కులు విడతలు విడతలుగా వస్తే ఆటలమ్మ. యాస్పిరిన్ ఇవ్వకూడదు. అరచేతులు, అరికాళ్లు, నోట్లో పుండ్లు వస్తే హ్యాండ్ ఫుట్ మౌత్. సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది, నీళ్లు తాగించడం ముఖ్యం.

కింది వాటిలో ఏది కనిపించినా షాపుకు కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి:

- గాజు గ్లాసుతో నొక్కినా రంగు పోని ఎర్రటి, ఊదా చుక్కలు, జ్వరం (డెంగీ కావచ్చు, మెదడు పొరల వాపు కావచ్చు)
- పెదాలు, కళ్లు వాచి ఊపిరి అందకపోవడం
- ఏదైనా మందు వేసుకున్నాక చర్మం బొబ్బలెక్కి ఊడటం, నోట్లో పుండ్లు
- పిల్లాడు మత్తుగా పడి ఉండటం, ఏమీ తాగకపోవడం
- మూడు నెలల లోపు పసికందుకు జ్వరం

మన పిల్లల ఛామన చాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించదు. అరచేతులు, అరికాళ్లు, కంటి రెప్ప లోపలి భాగం చూడండి. 108కు ఫోన్ చేయడానికి మొహమాటం వద్దు.

రేపు షాపులో ఏం అడగాలి?

ట్యూబు తీసుకునే ముందు అట్ట వెనక చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ లాంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్. చీటీ లేకుండా వద్దని తిరిగి ఇచ్చేయండి. ఇంగ్లిష్ చదివే బచ్చా ఇంట్లో ఉంటే వాడితోనే చదివించండి. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు, ఆంధ్రలో అర్బన్ హెల్త్ సెంటర్లు ఉచితం. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. మచ్చ వచ్చిన మొదటి రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది. ఇప్పటికే ట్యూబు రాసి ఉంటే దాచకుండా ఆ ట్యూబును కూడా వెంట తీసుకెళ్లండి. వారాల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపే ముందు డాక్టరును అడగండి.

ఔషధ నియంత్రణ అధికారులు ఒక్క నెల బస్తీ షాపుల్లో చీటీలు తనిఖీ చేసినా పరిస్థితి కొంత మారుతుంది. అది అడగాల్సింది మన కార్పొరేటర్లను, ఎమ్మెల్యేలను. అంతవరకూ, అల్మారాలో సగం వాడిన ఆ ట్యూబును ఈ రోజే బయటికి తీసి, దాని మీద ఏం రాసి ఉందో చదవండి.