ఆటే కదా అని తీసిపారేస్తారా?

ఆడపిల్ల కంప్యూటర్ నేర్చుకుంటానంటే మెచ్చుకుంటాం. అదే పిల్ల కంప్యూటర్ మీద ఆట తయారుచేస్తానంటే మాత్రం మొహం చిట్లిస్తాం. ఇదెక్కడి న్యాయమండీ?

మా నూజివీడుకి 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లెటూళ్ళలో పదో తరగతి చదివి, ఆ మార్కులతోనే సీటు తెచ్చుకున్న ఆడపిల్లల్ని చూసి ఊరంతా మురిసిపోతాం. కానీ వేరే కాలేజీలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే మా ఆడపడుచు కూతురు వేసవి సెలవుల్లో పిన్‌బాల్ ఆటకి ప్రోగ్రాం రాస్తూ కూర్చుంటే ఇంట్లో ఒకటే రభస. తోటలో చిన్నరసాలు కోతకొచ్చాయి, కూలీలకి వంటలు. ఆ పిల్ల గంటసేపు కూర్చుంటే అందరి కళ్ళూ దాని మీదే. "ఉద్యోగానికి పనికొచ్చేది నేర్చుకోక గోళీలాటలేమిటి? ఆ లాప్‌టాప్ తమ్ముడికిచ్చెయ్" అన్నారు అన్నయ్యగారు.

ఇంతకీ ఏమిటా ఆట? మేకులు కొట్టిన చెక్క మీద గోళీ వదిలేవాళ్ళం, గుర్తుందా? దానికి అక్కలాంటిది. వాలుబల్ల మీద ఉక్కు గుండు దొర్లుతూ వస్తుంటే కింద రెండు రెక్కలతో పైకి కొడుతుండాలి. గుండు 80 గ్రాములు, అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, బల్ల వాలు సుమారు ఆరున్నర డిగ్రీలు. చూడ్డానికింతే. తెర మీద అది నిజం గుండులా దొర్లాలంటే ఉంది అసలు సంగతి!

దొర్లే గుండు, జారే వస్తువంత తొందరగా దిగదు. బలంలో కొంత తన చుట్టూ తాను తిరగడానికే పోతుంది. దాని త్వరణం ఏడింట అయిదు వంతులే. ఇంటర్లో బట్టీపట్టిన 2/5 ఎమ్మార్ స్క్వేర్ ఇదిగో, ఇక్కడ పనికొస్తుంది. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది. ఇక్కడ తప్పు రాస్తే గుండు నడకే పట్టిస్తుంది.

ఇంకో చిక్కు చూడండి. సెకనుకి 3 మీటర్ల వేగంతో వచ్చే గుండుకి కంప్యూటర్ సెకనుకి 60 సార్లు లెక్క కడితే, ఒక లెక్కకీ మరో లెక్కకీ మధ్య అది 5 సెంటీమీటర్లు జరిగిపోతుంది. రెక్క అంత మందం ఉండదు. ఈ లెక్కలో ఇవతల, తరవాతి లెక్కలో అవతల! దయ్యంలా రెక్కలోంచే దాటిపోతుంది. వెయ్యిసార్లు కడితే అడుగు 3 మిల్లీమీటర్లకి తగ్గుతుంది, అప్పుడు దొరుకుతుంది. మా పిల్ల ఈ ఒక్కదాని మీదే వారం తంటాలు పడింది.

పెద్ద కంపెనీలకీ ఈ తిప్పలు తప్పలేదు. పాత విండోస్‌లో ఉండే 'స్పేస్ కాడెట్' పిన్‌బాల్ విస్టాలో మాయమైంది కదా? మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ 2012లో కారణం రాశారు. 64 బిట్‌కి మారుస్తుంటే గుండు వస్తువుల్లోంచి దూరిపోయేదట. ఆ కోడ్ ఏళ్ళ కిందట బయటి కంపెనీ రాసింది, అందులో వివరణలు లేవు, ఎవరికీ కొరుకుడుపడలేదు. చివరికి ఆటనే వదిలేశారు.

ఓపెన్ సోర్స్ ఇందుకే మేలంటాను. రాండీ డేవిస్ 2000లో తెచ్చిన 'విజువల్ పిన్‌బాల్' కోడ్ తరవాత్తరవాత అందరికీ తెరిచారు. చదవచ్చు, దిద్దచ్చు, పైసా కట్టక్కర్లేదు. పక్కింటావిడ ఆవకాయ కొలతలు దాచుకోకుండా చెప్పినట్టన్నమాట. ఉప్పెక్కువైందని మనమంటే ఆవిడా దిద్దుకుంటుంది. అమెరికాలో కూర్చున్న మగపిల్లాడు చదివే కోడే నూజివీడు ఆడపిల్లా చదువుతోంది, ఎవరి సిఫార్సూ లేకుండా. (మా పిల్ల గుండు తగిలే బంపర్ల చోట మామిడిచెట్లు పెట్టింది. అది దాని సరదా.)

ఉద్యోగం మాటకొస్తే, తప్పెక్కడుందో వారం రోజులు విసుగులేకుండా వెతికే ఓపిక ఏ కోచింగ్‌లో నేర్పుతారో అన్నయ్యగారినే చెప్పమన్నాను. జవాబు లేదు. లాప్‌టాప్ ప్రస్తుతానికి పిల్ల దగ్గరే ఉంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉంటే సాయంత్రం రెండు గంటలు ఏ పనికీ పిలవకండి. ఉల్లిపాయలు తరగాలా? తమ్ముణ్ణి పిలవండి. వాడికీ రెండు చేతులున్నాయి.